ట్రాక్ టైర్లతో గోదారి వానలోకి: 245 హార్స్‌పవర్, 27 పీఎస్‌ఐ, ఒక కాలవ గట్టు

భీమడోలు దాటిన కాసేపటికి స్టీరింగ్‌లో బరువు పోయింది. ఇంతకంటే సరైన మాట నాకు దొరకట్లేదు. అప్పటిదాకా చేతుల్లో గట్టిగా ఉన్న స్టీరింగ్ ఒక్కసారిగా గేమ్ కంట్రోలర్‌లా తేలికైపోయింది. ఇంజిన్ మోత పెరిగింది. డాష్‌బోర్డులో పసుపు లైటు టపటపా కొట్టుకుంది. కారు మాత్రం నాతో సంబంధం లేకుండా తిన్నగా పోతోంది.

మొత్తం ఒక సెకను, మహా అయితే సెకనున్నర. వెనక సీట్లో అక్క ఫోన్ చూసుకుంటోంది, చైల్డ్ సీట్లో నాలుగేళ్ల మేనకోడలు నిద్రపోతోంది. వాళ్లిద్దరికీ ఏమీ తెలియలేదు. పక్కనున్న బావకి తెలిసింది. "క్రూజ్ ఆపెయ్. తిప్పకు. బ్రేకు కొట్టకు," అన్నాడు, చాలా నెమ్మదిగా. బావ అంత నెమ్మదిగా మాట్లాడాడంటే భయపడ్డాడని అర్థం.

మామూలుగా నేనిక్కడ ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటాను. ఈసారి టైర్ల గురించి. మనం స్పెక్ షీట్ చూసి మోసపోయే వస్తువుల్లో ఇది కూడా ఒకటని ఆ రోజే తెలిసింది.

కారు, దాని చెప్పులు

బావది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245. 2020లో మన దేశానికి 200 మాత్రమే తెచ్చిన కారు. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 245 హార్స్‌పవర్, 370 న్యూటన్ మీటర్ల టార్క్, 0 నుంచి 100కి 6.6 సెకన్లు. చూడ్డానికి బ్యాంకు మేనేజర్ కారులా ఉంటుంది, నొక్కితే వేరే. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: ఈ పవరంతా ముందు రెండు చక్రాలకే వెళ్తుంది. తోసేదీ అవే, తిప్పేదీ అవే.

బావా, అక్కా ఉండేది చెన్నైలో. ఆయనకి ట్రాక్ డేల పిచ్చి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది కదా, మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, అక్కడికి సొంత కారు తీసుకెళ్లి తిప్పుకుంటాడు. ఈసారి నన్ను కూడా హైదరాబాద్ నుంచి రప్పించాడు. శనివారం ట్రాక్, ఆదివారం తెల్లవారుజామున అందరం కలిసి కోనసీమ. అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో మావయ్య కూతురి పెళ్లి. శ్రావణమాసం, బంగాళాఖాతంలో అల్పపీడనం. ఇంకేం కావాలి?

ట్రాక్ కోసం కారుకి సెమీ స్లిక్ టైర్లు వేయించాడు. పాత టైర్లు అరిగిపోయాయి, కొత్తవి పెళ్లయ్యాక చూద్దామనుకున్నాడు. సెమీ స్లిక్‌లు రోడ్డు మీద వాడటానికి అనుమతి ఉన్నవే. సైడ్‌వాల్ మీద ముద్రలన్నీ ఉన్నాయి. కాబట్టి ఆరొందల కిలోమీటర్లు వాటి మీదే పోదామన్నాడు. నేను కూడా సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు సరదాగా అనిపించింది కూడా.

తెలియనివాళ్ల కోసం: ఎఫ్1లో ఎండరోజు వాడే టైరుకి గాడులే ఉండవు, నున్నగా ఉంటుంది. అది స్లిక్. గాడులు లేకపోతే రోడ్డుకి తగిలే రబ్బరు ఎక్కువ, అందుకే పట్టు ఎక్కువ. రోడ్డు మీద దాన్ని వాడనివ్వరు. సెమీ స్లిక్ అంటే మధ్యేమార్గం. పేరుకి నాలుగు గాడులు గీస్తారు, మిగతాదంతా పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలే. మామూలు కారు టైరు కొత్తగా ఉన్నప్పుడు గాడి లోతు 7-8 మిల్లీమీటర్లుంటే, వీటికి ఐదారు ఉంటుంది. రబ్బరు కూడా మెత్తన. టైరు మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది చూడండి, అది ఎంత తక్కువైతే అంత త్వరగా అరుగుతుందని కంపెనీ చెప్పుకుంటున్నట్టు. టోయో ఆర్888ఆర్ లాంటి టైరుకి ఆ అంకె 100. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి రోడ్డు స్పోర్ట్స్ టైరుకి 300 దగ్గర ఉంటుంది.

పొడి రోడ్డు మీద ఈ సెమీ స్లిక్‌లు ఎంత బాగుంటాయంటే, శనివారం మధ్యాహ్నం ట్రాక్ మీద నేను బావ పక్కన కూర్చుని "ఇక జారుతుంది, ఇక జారుతుంది" అనుకున్న ప్రతి మలుపులోనూ కారు పట్టుకునే ఉంది. ఆ నమ్మకమే మర్నాడు మా కొంప ముంచబోయింది.

పసుపు లైటు వెనక డేటా

ట్రాక్ కోసం పెట్టిన బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, డాష్ మీద అతికించిన జీపీఎస్ రిసీవర్ అలాగే ఉండిపోయాయి. ఫోన్లో లాగింగ్ యాప్ కూడా ఆపలేదు. తణుకులో టీకి ఆగినప్పుడు ఫైల్ తెరిచి చూశాను.

మామూలుగా చక్రాల వేగానికీ, జీపీఎస్ వేగానికీ 1-2 కిలోమీటర్లు తేడా ఉంటుంది. భీమడోలు తర్వాత ఆ చోట, రోడ్డు కొంచెం పల్లంగా ఉండి ఎడమ లేన్లో నీళ్లు నిలిచిన చోట, జీపీఎస్ 85 చూపిస్తోంది, చక్రాలు 99 అంటున్నాయి. అంటే ముందు చక్రాలు రోడ్డు మీద లేవు. నీళ్ల మీద తేలుతూ, పట్టు దొరక్క వట్టినే తిరిగాయి. క్రూజ్ కంట్రోల్ పాపం వేగం నిలబెట్టాలని తన పని తాను చేస్తోంది. వానలో క్రూజ్ వాడకూడదని కారు మాన్యువల్లోనే ఉంటుంది. మాన్యువల్ చదివేదెవరు?

నిలిచిన నీళ్ల మీదకి టైరు వేగంగా వచ్చినప్పుడు ముందున్న నీళ్లకి పక్కకి తప్పుకునే టైమ్ దొరకదు. అవి టైరు కింద మేకులా దిగి దాన్ని పైకి లేపేస్తాయి. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. దీని గురించి ఎక్కువ పని చేసింది కార్ల వాళ్లు కాదు, విమానాల వాళ్లు. తడి రన్‌వేల మీద విమానాలు ఎందుకు జారిపోతున్నాయో తేల్చడానికి నాసాలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ ప్రయోగాలు చేసి 1963లో ఒక నివేదిక రాశారు. అందులోంచి వచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నారు. మన లెక్కల్లోకి మారిస్తే ఇంతే: టైరులో గాలి ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని సుమారు 16.6తో గుణించండి. గాడులు తోడేయగలిగిన దానికంటే నీళ్లు ఎక్కువున్నప్పుడు, దాదాపు ఆ వేగం దగ్గర టైరు తేలిపోతుంది.

గమనించారా, ఈ సూత్రంలో కారు బరువు లేదు, హార్స్‌పవర్ లేదు, డ్రైవరు ప్రతిభ లేదు. గాలి ఒక్కటే ఉంది.

ఇది చదివి నేను బావ మొహం చూశాను, బావ నా మొహం చూశాడు. ఇద్దరం లేచి పక్కనున్న పెట్రోల్ బంకుకి కారు తీసుకెళ్లాం. నాలుగు టైర్లలోనూ 27.

ఎందుకంటే, ట్రాక్ మీద టైరు వేడెక్కి గాలి వ్యాకోచిస్తుంది, ప్రెషర్ పెరిగిపోతుంది. అందుకని ప్రతి సెషన్ తర్వాతా వేడి మీదే కొంచెం కొంచెం గాలి వదిలేస్తారు. శనివారం సాయంత్రం వేడి టైరులో 32 ఉంచి ఆపాం. రాత్రికి చల్లారి 27కి దిగింది. ట్రాక్ మీద అది సరైన అంకె. హైవే మీద కాదు. లెక్కేయండి: 27కి వర్గమూలం సుమారు 5.2, దాన్ని 16.6తో గుణిస్తే 86. నేను వెళ్తున్న వేగం 85. సూత్రం అంత కచ్చితంగా పనిచేస్తుందని అనను. నీళ్ల లోతు, టైరు వెడల్పు, గాడులు అన్నీ కలిసి అటూ ఇటూ చేస్తాయి. కానీ ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు టీ చేదెక్కింది. గాలి 34 ఉండుంటే అదే సూత్రం 97 చెప్పేది.

"మరి టైర్ ప్రెషర్ వార్నింగ్ రాలేదేంటి?" అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. ఈ కారులో టైరు లోపల సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన టైరు కొంచెం చిన్నదవుతుంది, కాబట్టి మిగతావాటికంటే కొంచెం వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ సెన్సర్ల నుంచి ఆ తేడా పట్టుకుని సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. తెలివైన పద్ధతే. కాకపోతే దానికి "ఇదీ సరైన గాలి" అని మనమే ఒక బటన్ నొక్కి నేర్పాలి. ట్రాక్ మీద గాలి తగ్గించాక వార్నింగ్ విసిగిస్తోందని బావ ఆ బటన్ నొక్కాడు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ దృష్టిలో నాలుగు టైర్లూ సమానం, అంతా క్షేమం. ప్రొడక్షన్లో అలర్ట్ వస్తోందని థ్రెషోల్డ్ మార్చేసి పడుకున్న టీం కథ మీకు తెలిసే ఉంటుంది. అదే ఇది.

సెకనుకో బిందెడు

గాలి నింపుకున్నాక కూడా నాకు మనసు కుదుటపడలేదు. గాడులు లేకపోతే ఎంత తేడా వస్తుందో ఒక చిన్న లెక్క వేశాను. టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే పెద్దగా కనబడవు కూడా. వేగం గంటకి 80, అంటే సెకనుకి 22 మీటర్లు. మూడింటినీ గుణిస్తే ఒక్కో ముందు టైరు సెకనుకి 15 లీటర్ల నీళ్లు పక్కకి తప్పించాలి. మన ఇళ్లల్లో ఇత్తడి బిందె ఉంటుంది చూడండి, సుమారుగా అది నిండా. సెకనుకో బిందెడు నీళ్లు, అరచేయంత జాగాలోంచి. మామూలు టైరులో ఆ నీళ్లు పోవడానికి కాలవలున్నాయి. ఈ టైరులో కాలవలు పూడ్చి ఇళ్లు కట్టేశారు.

ఎఫ్1 వాళ్ల పూర్తి వాన టైరు 300 వేగం దగ్గర సెకనుకి 85 లీటర్ల దాకా తోడుతుందని పిరెల్లీ చెప్పుకుంది. అంత టైరు ఉండీ వాన ఎక్కువైతే రేసు ఆపేస్తారు. తప్పు టైరు మీద ఉంటే ఏమవుతుందో చూడాలంటే 2007 జూలై 22 నాటి నూర్‌బర్గ్‌రింగ్ రేసు వీడియో వెతకండి. వాన మొదలవుతుంటే అందరూ పొడి టైర్ల మీద స్టార్ట్ అయ్యారు. స్పైకర్ అనే ఆఖరి వరస టీం మాత్రం తన కొత్త డ్రైవర్ మార్కస్ వింకెల్‌హాక్‌కి వాన టైర్లు వేసి పిట్ లేన్ నుంచి పంపింది. అతనికది మొదటి రేసు, ఆఖరి రేసు కూడా. కాసేపట్లో కుండపోత. మొదటి మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా నీళ్లు పారుతుంటే హామిల్టన్, బటన్, రోస్‌బర్గ్ లాంటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు అదే చోట తేలిపోయి కంకర్లోకి వెళ్లి వరసగా పార్క్ చేసినట్టు ఆగారు. వింకెల్‌హాక్ అందరికంటే నెమ్మదైన కారుతో అర నిమిషానికి పైగా ముందుకెళ్లిపోయాడు. ఆ తర్వాత కారు చెడిపోయి ఆగిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఈ వీడియో తణుకులో బావకి చూపించాను. "వాళ్లకి 700 హార్స్‌పవర్‌రా, మనకి 245," అన్నాడు. స్టీరింగ్ మాత్రం తను తీసుకున్నాడు.

కాలవ పక్క రోడ్డు

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వచ్చేసరికి వాన తగ్గింది. సన్నటి జల్లు. కొత్తపేట రోడ్డు ఎక్కాం. బావ 40 దాటట్లేదు. ఆ వేగంలో హైడ్రోప్లేనింగ్ జరగదు, లెక్క ప్రకారం. నేను కూడా ఊపిరి తీసుకున్నా.

కోనసీమ రోడ్లు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి: రోడ్డుకి ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క కాలవ, మధ్యలో కొబ్బరిచెట్లు. ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. మార్జిన్ ఉండదు, చాలాచోట్ల రెయిలింగూ ఉండదు. రోడ్డు అంచు నుంచి కాలవ నీళ్లకి నాలుగడుగులు. అందులోనూ అది సార్వా నాట్ల కాలం. దమ్ము చేసిన చేలోంచి ట్రాక్టరు రోడ్డెక్కిందంటే చక్రాలకున్న బంకమన్నంతా వంద గజాల దాకా తారు మీద పరుస్తూ పోతుంది. దాని మీద సన్నటి జల్లు పడితే ఇక చూసుకోండి. గట్టి వాన పడితే నయం, కడుక్కుపోతుంది. జల్లు పడితే మాత్రం అట్లపిండిలా తయారవుతుంది.

ముక్కామల ఇంకా రాలేదు. కుడివైపు తిరిగే మలుపు. ఎడమ పక్క కాలవ. బావ ముందే నెమ్మది చేశాడు, స్టీరింగ్ తిప్పాడు. చక్రాలు తిరిగాయి. కారు తిరగలేదు. ఎలాంటి హడావుడీ లేదు, టైరు కీచుమనలేదు. ఏబీఎస్ కటకటలాడింది, పసుపు లైటు వెలిగింది, కారు మెత్తగా, పడవలా, ఎడమ అంచు వైపు జారుకుంటూ పోయి ముందు ఎడమ చక్రం రోడ్డు దిగి గట్టు మీద మెత్తటి మట్టిలో కూరుకుని ఆగింది. మాకూ కాలవకీ మధ్య ఒక కొబ్బరిచెట్టు ఉంది. చెట్టు దాకా వెళ్లలేదు. లాగ్ చూస్తే మలుపులోకి వెళ్లినప్పుడు వేగం 38.

ఈసారి పాప నిద్ర లేచింది. "నాన్నా, వచ్చేశామా?" అంది.

అక్క ఏమీ మాట్లాడలేదు. పాపని ఎత్తుకుని దిగింది. కొత్తపేట వైపు నుంచి వస్తున్న ఆటోని ఆపి అంబాజీపేట అని చెప్పింది. ఎక్కే ముందు మాత్రం బావతో అంది: "ఈ టైర్లున్నంత కాలం పాప ఈ కారెక్కదు. నేనూ ఎక్కను." ఆటో వెళ్లిపోయింది. బావ గట్టు మీద నిలబడి ఫోన్లో సిగ్నల్ చూస్తున్నట్టు నటించాడు. సిగ్నల్ ఫుల్లుగానే ఉంది.

పావుగంటలో ఒక ట్రాక్టరాయన ఆగాడు. బహుశా ఆ మట్టి ఆయనదే అయ్యుంటుంది, మేం అడగలేదు. తాడు కట్టి రెండు నిమిషాల్లో బయటికి లాగేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. వెళ్లబోతూ వంగి టైరు మీద చెయ్యి రాసి చూశాడు.

"ఏటండీ, ఇంత కారుండి టైర్లు గుండైపోయేదాకా తిప్పుతున్నారేటండీ? మార్చుకోవాలి కదండీ."

"కొత్తవేనండి," అన్నాడు బావ. "వారం కూడా కాలేదు."

ఆయన ఒకసారి మా టైరు, ఒకసారి తన ట్రాక్టరు వెనక టైరు చూశాడు. దాని మీద ఒక్కో కడ్డీ నా మణికట్టంత లావుంది, మధ్యలో ఖాళీ ఇంకా ఎక్కువ. "ఆయ్," అన్నాడు, మర్యాదగానే. ఆ "ఆయ్"లో ఉన్నంత రివ్యూ నేను ఎప్పుడూ రాయలేదు.

నెమ్మదిగా వెళ్లినా ఎందుకు జారింది?

అమ్మమ్మగారింటి అరుగు మీద కూర్చుని ఆ రాత్రంతా చదివింది ఇదే. హైవే మీద జరిగిందీ, మలుపులో జరిగిందీ ఒకటి కాదు. మొదటిది లోతు నీళ్లు, వేగం. రెండోది పల్చటి పొర. నున్నటి తారు మీద చిక్కటి బురద పొర ఉంటే అది ఎంత పల్చగా ఉన్నా తొందరగా పక్కకి పోదు, జిగట దాన్ని పట్టి ఉంచుతుంది. అప్పుడు తక్కువ వేగంలో కూడా టైరు దాని మీదే తేలుతుంది. ఆ పొరని తెంచాలంటే పదునైన అంచులు కావాలి. మామూలు టైరు దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి గీతలుంటాయి, సైప్స్ అంటారు. ప్రతి గీతా ఒక అంచు. సెమీ స్లిక్‌లో అవి దాదాపు ఉండవు, ఎందుకంటే గీతలు పెడితే దిమ్మ కదులుతుంది, కదిలితే ట్రాక్ మీద టైమ్ పోతుంది. మనకి పొడిలో నచ్చిన ప్రతి గుణమూ తడిలో ఎదురు తిరుగుతుంది.

యూట్యూబ్‌లో యూరప్ వాళ్లు ఇలాంటి టైర్ల గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా చలి గురించి మాట్లాడతారు. రబ్బరు వేడెక్కాలి, 10 డిగ్రీల్లో గట్టిపడిపోతుంది అని. మా దగ్గర ఆ సమస్య లేదు. కోనసీమలో వాన రోజు కూడా 26-27 డిగ్రీలు ఉంటుంది, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. కాబట్టి "మనది వేడి దేశం, మనకి పర్వాలేదు" అనే మాట గ్రూపుల్లో బాగా వినబడుతుంది. నీళ్లకి వేడితో పని లేదు. బురదకి అసలే లేదు.

ఇంకో మాట. ఇప్పుడు మన దేశంలో కూడా కారు టైర్లకి తడి పట్టు పరీక్ష తప్పనిసరి. 2022లో కేంద్ర రవాణా శాఖ ఏఐఎస్-142 అనే ప్రమాణాన్ని నోటిఫై చేసింది. అది ఐక్యరాజ్యసమితి ఆర్117 నిబంధన దారిలోనే నడుస్తుంది. "పాసైన టైరే కదా" అనుకుంటాం. ఆర్117 పరీక్షలో ట్రాక్ మీద ఉంచే నీళ్లు సుమారు 1 మిల్లీమీటరు. అందులో చూసేది బ్రేకింగ్. నిలిచిన నీళ్లలో తేలడం వేరే సంగతి, బురద ఇంకా వేరే. మనం ఐపీ68 గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాసుకున్నాం? కంపెనీ చెప్పిన లోతులో, కదలని మంచినీళ్లలో, అరగంట. అంతర్వేది బీచ్‌లో అల కొడితే ఆ రేటింగ్ మాట్లాడదు. ఇదీ అంతే. రేటింగ్ అబద్ధం కాదు, అది జవాబు చెప్పిన ప్రశ్న మనది కాదు.

ఈఎస్‌సీ ఏం చేస్తోంది మరి?

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఇది నాకు కొంచెం గుచ్చుకుంది. ఈ కారులో స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ ఉంది, ఏబీఎస్ ఉంది. స్టీరింగ్ ఎంత తిప్పారు, కారు నిజంగా ఎంత తిరుగుతోంది, ఏ చక్రం ఎంత వేగంగా ఉంది అని సెకనుకి ఎన్నోసార్లు చూసుకుని, అవసరమైన చక్రానికి బ్రేకు వేసి కారుని దారిలో పెడుతుంది. అద్భుతమైన కోడ్. కానీ దాని ఆయుధాలన్నీ టైరు ద్వారానే పనిచేస్తాయి. బ్రేకు వేసిన చక్రం కింద రోడ్డు లేకపోతే ఆ కమాండ్ ఎక్కడికి పోతుంది? మన సర్వర్ బాగానే ఉంది, కేబుల్ ఊడిపోయింది.

ఈ సంగతి అందరికంటే బాగా ఒప్పుకున్నది పోర్షె అనిపించింది. 2018 చివర్లో వచ్చిన 992 తరం 911లో వెట్ మోడ్ పెట్టారు. ముందు చక్రాల పైన ఉండే గూడులో శబ్దాన్ని వినే సెన్సర్లు ఉంటాయి. టైరు ఎగజిమ్మే నీళ్ల చప్పుడు విని రోడ్డు ఎంత తడిగా ఉందో అంచనా వేస్తుంది. తర్వాత తనంతట తను మోడ్ మార్చదు. రోడ్డు తడిగా ఉందని డ్రైవరుకి చెప్పి, మోడ్ మార్చుకోమంటుంది. వినడానికి మైక్ పెట్టగలిగినవాళ్లు కూడా చివరికి మనిషినే అడుగుతున్నారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ జరిగింది, హుస్సేన్ సాగర్ పక్కన, 2.83 కిలోమీటర్ల సర్క్యూట్. గంటకి 300 దాటగల డిజైన్ ఉన్న ఆ కార్లకి వేసింది గాడులున్న టైర్లు. ఎండకీ వానకీ ఒకే రకం, హంకూక్ వాళ్లవి. ఆ రోజు వాన ఊసే లేదు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసు కార్లకి గాడులేంటి అని అప్పుడు నేను నవ్వుకున్న మాట నిజం.

పెళ్లికి ఎలా వెళ్లాం

అమలాపురంలో 225/40 ఆర్18 సైజు అడిగితే షాపతను నన్ను జాలిగా చూశాడు. రాజమండ్రిలో దొరికాయి, మామూలు టూరింగ్ టైర్లు, స్పోర్ట్స్‌వి కూడా కాదు. రావడానికి రెండు రోజులు పట్టింది. ఈలోపు పెళ్లికి ఆటోలో వెళ్లాం. పట్టుపంచె కట్టుకుని ఆటోలో డ్రైవరు పక్కన ఒరిగి కూర్చున్న బావని చూసి మావయ్యలు అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆయన "సర్వీసుకిచ్చాం" అనే చెప్పాడు. అక్క పక్కనే ఉంది, ఖండించలేదు. అది ఆవిడ గొప్పతనం.

టైర్లు మారాక బావ ముందు తనొక్కడే ఆ మలుపు దాకా వెళ్లొచ్చాడు. తర్వాత అక్కని తీసుకెళ్లి గాడిలో రూపాయి బిళ్ల పెట్టి లోతు చూపించాడు. చట్టప్రకారం కారు టైరుకి గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, ఇది దానికి నాలుగైదు రెట్లు అని చెప్పాడు. అక్క బిళ్ల తీసుకుని పాపకిచ్చింది.

తిరుగు ప్రయాణంలో నేను విజయవాడ దాకా వాళ్లతోనే వచ్చాను. గాలి చూసుకున్నాం, 35. టీపీఎంఎస్ బటన్ గాలి నింపాక నొక్కాం. భీమడోలు దగ్గర మళ్లీ వాన పట్టుకుంది. మొన్నటంత కాదు కాబట్టి ఇది సరైన పోలిక అనలేను. బావ 70లోనే ఉన్నాడు, క్రూజ్ లేదు. నేను ఫోన్లో గ్రాఫ్ తెరిచి పెట్టుకున్నాను. చక్రాల వేగం, జీపీఎస్ వేగం రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకుని వచ్చాయి. తేడా 2 దాటలేదు.

ట్రాక్ టైర్లు నాలుగూ అమ్మమ్మగారి అరుగు మీద, ఒలవని కొబ్బరికాయల రాశి పక్కన ఉన్నాయి. వానాకాలం అయ్యాక పంపించమన్నాడు బావ. మొన్న వీడియో కాల్‌లో చూశాను, ఒకదాని మీద అమ్మమ్మ అప్పడాలు ఎండబెట్టే చాట పెట్టింది.